ఇంటి పన్ను బకాయి, పేరు మార్పు: చిత్తూరులో మాకు పట్టిన ఆరు నెలలు

2025 జూన్ 17న మా ఇంటి పన్ను కాగితం కొత్త పేర్లతో చేతికొచ్చింది. పని మొదలుపెట్టింది 2024 డిసెంబరు 9న. ఆరు నెలల ఎనిమిది రోజులు పట్టింది. మధ్యలో రెండు మూడు సార్లు ఇంక నా వల్ల కాదని వదిలేశాను కూడా. మా వీధిలోనే మరో మూడిళ్లలో ఇదే పరిస్థితి. ఇంటి పెద్ద పోయాడు, పన్ను మాత్రం ఆయన పేరు మీదో ఆయన తండ్రి పేరు మీదో నడుస్తోంది. ఎట్ల చేశావు, ఎంతయింది, ఎన్ని రోజులు తిప్పుకున్నారు అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే బదులు తేదీలతో సహా రాసి పెడుతున్నాను.

మా పుట్టింటి ఇల్లు మిట్టూరులో. రోడ్డు వైపు గది నాయన టైలరింగ్ షాపు. దాని వెనక రెండు గదులు, వంటిల్లు. పైన 2016లో వేసిన ఒక గది. 2021 నవంబరులో నాయనకు పక్షవాతం వచ్చింది. ఆ రోజు దించిన షట్టరు మళ్లీ ఎత్తలేదు. 2023 ఆగస్టులో ఆయన పోయారు. నేను కొంగారెడ్డిపల్లెలో ఉంటాను, ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. తమ్ముడు హోసూరులో ఫ్యాక్టరీ పనిలో ఉన్నాడు. ఆ ఇంట్లో అమ్మ ఒక్కతే.

పోయిన వానాకాలం పై గది ఉరవడం మొదలైంది. కప్పు బాగు చేయించడానికి అమ్మ పేరు మీద చిన్న లోను తీసుకుందామని డిసెంబరు 9న బ్యాంకుకు పోయాం. అక్కడి ఆఫీసరమ్మ కాగితాలన్నీ చూసి, "ఇంటి పన్ను రసీదు ఈ సంవత్సరానిది కావాలమ్మా, మీ పేరు మీద ఉండాలి" అంది. అంతవరకు నాకు ఆ ఆలోచనే లేదు. ఇంటి పన్ను నాయన చూసుకునేవారు. ఆయన మంచం పట్టిన తర్వాత ఎవరు కడుతున్నారని మాలో ఎవరూ అడగలేదు. అమ్మ నేను కడుతున్నానని అనుకుంది, నేను తమ్ముడు ఫోన్‌లో కడుతున్నాడని అనుకున్నాను, వాడు అమ్మ కడుతోందని అనుకున్నాడు.

ఆ సాయంత్రం నాయన ట్రంకు పెట్టె తెరిచాం. పన్ను రసీదులన్నీ ఏడాది వారీగా పేర్చి, కత్తిరించిన గుడ్డ పేలికతో కట్టి పెట్టారు. పైనున్నది 2021 జూన్ రసీదు. ఆ తర్వాత ఏమీ లేదు. ఇంకో సంగతి కూడా అప్పుడే చూశాను. రసీదుల మీద పేరు నాయనది కాదు, మా తాతది. తాత 1996లోనే ఇంటిని నాయనకు దాన సెటిల్‌మెంట్ రాసి రిజిస్టర్ చేసిచ్చారు. పన్ను పుస్తకంలో పేరు మార్పించడం మాత్రం నాయన చేయలేదు. ఎవరి పేరుంటే ఏం, కట్టేది మనమే కదా అనుకుని ఉంటారు. ఇరవై ఎనిమిదేళ్లు అట్లే నడిచింది.

డిసెంబరు 11న బడికి సగం రోజు సెలవు పెట్టి వార్డు సచివాలయానికి పోయాను. పాత రసీదు మీద అసెస్‌మెంట్ నంబరు ఉంటుంది, అది ఉంటే చాలు, క్షణంలో బకాయి వివరం బయటికొస్తుంది. అక్కడి అబ్బాయి ప్రింటు తీసి నా ముందు పెట్టాడు. మొత్తం అంకె చూసి కాళ్లలో వణుకు వచ్చింది. మార్చి దాకా లెక్క కడితే అసలు 12,402 రూపాయలు, వడ్డీ 4,799. ఏడు అర్ధ సంవత్సరాలు కట్టలేదు.

లెక్కల టీచర్ని కాబట్టి వడ్డీ సరిగ్గా వేశారా అని ఇంటికొచ్చి నేనే వేసి చూసుకున్నాను. పన్ను ఏడాదికి రెండు ముక్కలు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరుది జూన్ 30 లోపల, అక్టోబరు నుంచి మార్చిది డిసెంబరు 31 లోపల కట్టాలి. దాటితే నెలకు 2 శాతం. ఏడాదికి అనుకునేరు, నెలకు. మా మొదటి బకాయి 1,380 రూపాయలు, 2022 జనవరి నుంచి 39 నెలలు నడిచింది. అంటే దాని మీద వడ్డీ 78 శాతం, 1,076 రూపాయలు. ఇంకో సంవత్సరం ఊరుకుని ఉంటే వడ్డీయే అసలును దాటేది. చక్రవడ్డీ కాదు, అదొక్కటే ఊరట. ఏడింటికీ విడివిడిగా వేసి కూడితే వాళ్ల అంకె, నా అంకె ఒకటే వచ్చాయి.

ఈ కాగితాన్ని వరసగా చదవమని అందరికీ చెబుతున్నాను. మొత్తం మాత్రమే చూసి భయపడి పక్కన పెట్టేస్తాం. చివరి అర్ధ సంవత్సరానికి మా డిమాండు, అంటే కట్టాల్సిన మొత్తం, 2,099. అందులో పన్ను 1,612. గ్రంథాలయ పన్ను 129. ఇంకో గీత 358, దాని పక్కన 'అనధికార నిర్మాణం' అని ఉంది. ఆ మాట చూసి దొంగతనం చేసినట్టు తల వంచుకున్నాను. పై గదికి నాయన ప్లాను తీసుకోలేదు. అనుమతి లేకుండా అంతస్తు వేస్తే ఆ అంతస్తుకు పడే పన్నుకు సమానంగా, అంటే నూటికి నూరు శాతం, జరిమానా ప్రతి అర్ధ సంవత్సరం కలుస్తుంది. ఒకసారి కట్టేస్తే పోయేది కాదు. కడుతున్నాం కాబట్టి గది సక్రమమైపోయిందని కూడా కాదట. 2019లో బీపీఎస్ (అనుమతి లేని కట్టడాలను రుసుము కట్టించుకుని సక్రమం చేసే పథకం) వచ్చినప్పుడు దరఖాస్తు చేసుకోవాల్సింది. నాయనకు తెలియలేదో, డబ్బు లేదో, ఇప్పుడు అడగడానికి ఆయన లేరు.

గ్రంథాలయ పన్ను గీత దగ్గర మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. పన్నులో రూపాయికి 8 పైసలు జిల్లా గ్రంథాలయ సంస్థకు పోతుందని ఆ అబ్బాయి చెప్పాడు. నాయన ఎనిమిదో తరగతితో చదువు ఆపేశారు. ఆదివారం షాపు మూసి జిల్లా గ్రంథాలయానికి పోయి, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అన్ని పేపర్లూ చదివి వచ్చేవారు. చిన్నప్పుడు నన్నూ తీసుకుపోయేవారు. ఆయన చదువుకున్న ఆ బల్లలకు ఆయన కట్టిన పన్నులోంచే ఇంత పోయేదని నాకు ఇన్నేళ్లూ తెలియదు.

పేరు మార్పుకు ఏమేం కావాలని అడిగాను. సచివాలయం అబ్బాయి ఒక తెల్ల కాగితం మీద రాసిచ్చాడు. నాయన మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఇంటి దస్తావేజు నకలు, ఈసీ (ఆ ఇంటి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరం చూపే కాగితం), వారసులందరి ఆధార్, నోటరీ అఫిడవిట్. అన్నిటికన్నా ముందు బకాయి సున్నా కావాలి. బాకీ ఉండగా పేరు మార్పు దరఖాస్తు ముందుకు కదలదు. ఇంకో మాట కూడా స్పష్టంగా చెప్పాడు. "మేడమ్, పన్ను పుస్తకంలో పేరు మారితే ఇల్లు మీదైపోయిందని కాదు. హక్కు దస్తావేజుతోనే. ఇది పన్ను ఎవరు కట్టాలో చెప్పే పేరు, అంతే." మా బంధువుల్లో ఇది తెలియక పన్ను రసీదు చూపించి కొట్లాడుకున్న వాళ్లున్నారు.

బయటికి వస్తుంటే టీకొట్టు దగ్గర ఒకతను పలకరించాడు. అన్నీ తానే చూసుకుంటాడట, 6,000 ఇస్తే చాలట. ఆ రోజు నాకున్న టెన్షన్‌లో ఇచ్చేసి ఉందును, చేతిలో డబ్బు లేక ఆగాను. ఇప్పుడు లెక్క చూస్తే పన్ను కాకుండా ఈ పని మొత్తానికి నాకయిన ఖర్చు 2,300 రూపాయలు.

డిసెంబరు 16న కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టాం. దరఖాస్తు వార్డు సచివాలయంలోనే, ఇచ్చేది తహసీల్దారు. అన్నిటికన్నా ఎక్కువ రోజులు తిన్నది ఇదే. రేషన్ కార్డులో నాయన పేరు ఒక రకంగా ఉంది, ఆధార్‌లో ఇంటి పేరు వెనక్కి పోయింది, మరణ ధ్రువపత్రంలో ఇంటి పేరు ఒక్క అక్షరమే ఉంది. మూడూ ఒక మనిషివేనని నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించాల్సి వచ్చింది. నాయన చనిపోయిన నెలలో మరణ ధ్రువపత్రం తీసుకున్నప్పుడు నేను ఒక్క నిమిషం ఆగి పేరు సరిచూసుకుని ఉంటే ఈ పని తప్పేది. ఆ రోజు చూసే స్థితిలో నేను లేను. మీ ఇంట్లో అట్లాంటి సమయం వస్తే, దుఃఖంలో లేని బంధువు ఒకరిని ఆ కాగితం చదవమనండి.

తర్వాత విచారణ. మా ఇంటికి వచ్చి, పక్కింటి వాళ్లిద్దరితో మాట రాయించుకుని సంతకాలు తీసుకుంటారు. నాయనకు ఇంకెవరైనా భార్యాపిల్లలున్నారా అని అడుగుతారు. అది వాళ్లు అడగాల్సిన ప్రశ్నే. కానీ అమ్మ ముఖం మాడిపోయింది. "నలభై మూడేళ్లు ఒకే మిషను పక్కన కూర్చున్నాను సామీ, ఇంగెవరుంటారు" అంది. రాసుకునే ఆయన కూడా ఒక క్షణం పెన్ను ఆపి, "అందరినీ అడగాలమ్మా, తప్పుగా అనుకోవద్దు" అన్నాడు. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ ప్రశ్న వస్తుందని ముందే చెప్పి పెట్టండి.

సంక్రాంతి సెలవులు మధ్యలో పడ్డాయి. జనవరి 24న ధ్రువపత్రం వచ్చింది. 39 రోజులు.

ఫిబ్రవరిలో దస్తావేజు పని. అసలు దస్తావేజు మా దగ్గరుంది, కానీ నాయన దాన్ని భద్రంగా ఉండాలని లామినేషన్ చేయించారు. వెనకవైపు ముద్రలు మసకబారి కనిపించడం లేదు. అందుకని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ నకలు తీసుకున్నాను. దస్తావేజు నంబరు, సంవత్సరం తెలిస్తే సులభం, వారంలో వచ్చింది. ఈసీ దానికన్నా తొందరగా వచ్చింది. ఇంతకన్నా చెప్పడానికి ఇక్కడేమీ లేదు, లామినేషన్ మాత్రం చేయించకండి.

డబ్బు దగ్గర ఆగిపోయాను. 17,201 రూపాయలు ఒకేసారి మా దగ్గర లేవు. అమ్మకు వచ్చేది పెన్షన్, నాది ప్రైవేటు బడి జీతం. తమ్ముడు 5,000 పంపాడు. మిగతాది నా చీటీ పాడుకుని మార్చి 20న చేతికి తెచ్చుకున్నాను. ఆ చీటీ మా పాప ఇంటర్ ఫీజుకని వేసుకున్నది.

మార్చి 24న డబ్బు సంచిలో పెట్టుకుని కౌంటరుకు పోయాను. క్యూలో నా ముందున్న ఆమె, "వడ్డీలో సగం తీసేస్తారంటమ్మా, రెండు రోజులు ఆగితే పోదా" అంది. అంతకుముందు కూడా ఇట్లాంటి మాటలు చాలా విన్నాను. మా వార్డు అబ్బాయికి ఫోన్ చేశాను. "ఆర్డరు వచ్చేదాకా నేనేమీ చెప్పలేను మేడమ్. రాకపోతే మీకు పోయేదేమీ లేదు, 31 లోపల ఎప్పుడు కట్టినా వడ్డీ ఇదే" అన్నాడు. అది నిజమే. వడ్డీ నెలకు లెక్క కాబట్టి 24న కట్టినా 31న కట్టినా ఒకటే. తిరిగి వచ్చేశాను. ఆ రెండు రాత్రులు నిద్ర లేదు. దిండు కింద అంత డబ్బు పెట్టుకుని పడుకోవడం నాకు అలవాటు లేదు.

మార్చి చివరి వారంలో ఆర్డరు నిజంగానే వచ్చింది. బకాయిలు మార్చి 31 లోపల కట్టేవాళ్లకు వడ్డీలో 50 శాతం మినహాయింపు. సెలవు రోజుల్లో కూడా కౌంటర్లు తెరిచే ఉంటాయన్నారు. 30న ఉగాది, ఆదివారం. 31న రంజాన్. ఉగాది పచ్చడి చేసి, దేవుడి దగ్గర పెట్టి, పదిన్నరకల్లా క్యూలో నిలబడ్డాను. ముందు అరవై మంది దాకా ఉన్నారు. ఎండ మండిపోతోంది.

ఆ క్యూలో గడిపిన మూడు గంటలు ఈ ఆరు నెలల్లో నాకు ఎక్కువ నేర్పాయి. నా వెనక ఒక పెద్దాయన. పక్క జిల్లాలో మున్సిపాలిటీలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారట. నా చేతిలో కాగితం చూసి, "మూడున్నరేళ్లుగా మీ ఇల్లు బ్యాలెన్స్‌లో ఉందన్నమాట" అన్నారు. అర్థం కాలేదు. డీసీబీ అని ఒక లెక్క ఉంటుందట. డిమాండ్, కలెక్షన్, బ్యాలెన్స్. ప్రతి ఇంటికీ ఒక వరస. రావాల్సింది ఎంత, వచ్చింది ఎంత, మిగిలింది ఎంత.

"బడ్జెట్ రాసేటప్పుడు మేము ముందు తెరిచేది అదేనమ్మా. పాత బకాయి ఇంత, ఈ ఏటిది ఇంత, ఇందులో ఎంత వస్తుందని పెట్టుకోవాలి. ఎక్కువ పెట్టుకుని రాకపోతే, జీతాలు ఆపలేము, వీధి దీపాల కరెంటు బిల్లు ఆపలేము. ఆగేది కాలవ పని, రోడ్డు అతుకు. పైనుంచి వచ్చే ఆర్థిక సంఘం గ్రాంటు కూడా ఇప్పుడు ఆస్తి పన్ను వసూలు ఏటా పెరుగుతోందా అని చూసే ఇస్తారు" అన్నారు.

మా వీధి చివర కాలవ రెండేళ్లుగా సగంలో ఉంది. దాని గురించి నేనూ నలుగురి ముందూ మాట్లాడినదాన్నే. మా 12,402 రూపాయలతో కాలవ పూర్తయ్యేదని నేను అనడం లేదు. కానీ ఆ పెద్దాయన అట్లా చెబుతుంటే ఆ క్యూలో నిలబడిన అరవై ఇళ్ల కాగితాలూ నాకు ఒకేసారి కనిపించాయి.

మా పన్ను నాయన కట్టిన రోజులకన్నా ఎందుకింత పెరిగిందని అడిగాను. 2021 ఏప్రిల్ ముందు ఇంటికి ఎంత అద్దె వస్తుందో అంచనా కట్టి దాని మీద వేసేవాళ్లు. అప్పటి నుంచి రిజిస్ట్రేషన్ ఆఫీసు విలువల ప్రకారం ఇంటి మూలధన విలువ కట్టి దాని మీద వేస్తున్నారు. ఒక్కసారిగా మోత మోగకుండా పెంపు ఏటా పాత పన్ను మీద 15 శాతం మించకూడదని హద్దు పెట్టారు. "ఇళ్లకయితే విలువలో 0.10 నుంచి 0.50 శాతం దాకా పెట్టుకోవచ్చు. షాపులకయితే 0.20 నుంచి 2 శాతం దాకా" అని చెప్పి, నా కాగితం మళ్లీ చూసి, "మీ ఇంట్లో షాపు నడుస్తోందా?" అన్నారు.

"లేదు సార్, 2021లోనే మూసేశాం."

"మరి ఇందులో ఉందే."

కాగితంలో కింద గదుల వివరాలున్న చోట, ముందు గది పక్కన నివాసేతరం అని ఉంది. నేను డిసెంబరు నుంచి ఆ కాగితాన్ని పదిసార్లు చదివాను. అంకెలే చదివాను, ఆ మాట చదవలేదు. మూడున్నరేళ్లుగా మూసి ఉన్న షాపుకు షాపు లెక్కనే పన్ను పడుతోంది. మూసేశామని మేమెవరికీ చెప్పలేదు. చెప్పాలని తెలియదు. ఆ సమయంలో నాయనకు అన్నం తినిపించడం, పక్క మార్చడం తప్ప మా ఇంట్లో ఎవరికీ ఇంకో ఆలోచన లేదు.

ఒంటిగంటన్నరకు నా వంతు వచ్చింది. 14,802 రూపాయలు కట్టాను. వడ్డీలో 2,399 తగ్గింది. రసీదు తీసుకుని బయటికొచ్చి పెద్దాయనకు దండం పెట్టాను. పేరు అడగడం కూడా మరిచిపోయాను.

అయిపోయిందనుకున్నాను. కాలేదు. ఏప్రిల్ మొదటి వారంలో తెలిసింది, కుళాయి బాకీ వేరే. దాని నంబరు వేరు, లెక్క వేరు. ఇంటి పన్ను కడితే అందులోనే నీళ్లదీ పోతుందని నేననుకున్నాను. 4,100 రూపాయలు. మా ఆయన దగ్గర అడిగి తీసుకుని కట్టాను. పన్ను బకాయి అడిగినప్పుడే కుళాయి నంబరు కూడా ఇచ్చి చూపించుకోండి. చెత్త రుసుము గురించి కూడా భయపడ్డాను కానీ, అది 2024 డిసెంబరుతో ఎత్తేశారు, మా కాగితంలో ఏమీ లేదు.

ఏప్రిల్ 7న పేరు మార్పు దరఖాస్తు పెట్టాం. దాంతోపాటే షాపు మూసేశామని, ఆ గదిని నివాసంగా మార్చమని వేరే అర్జీ. తమ్ముడు ఒక రోజు సెలవు పెట్టి వచ్చి సంతకాలు చేసి పోయాడు. ముగ్గురి పేర్లూ పెట్టాలని నిర్ణయించుకున్నాం. అమ్మ ఒక్కదాని పేరు మీద పెడదామని నేనన్నాను. అమ్మే వద్దంది. "నేను పోతే మళ్లీ మీరు ఇట్లే తిరగల్ల" అంది.

ఏప్రిల్ 28న ఈ ఏటి పన్ను మొత్తం కట్టేశాను. ఏప్రిల్ 30 లోపల రెండు అర్ధ సంవత్సరాలదీ ఒకేసారి కడితే 5 శాతం రాయితీ. మాకు 210 రూపాయల దాకా తగ్గింది. షాపు తీసేశాక తగ్గిన పన్ను కడదామని ఆగితే రాయితీ పోయేది. మార్పు అక్టోబరు నుంచి లెక్కకు వస్తుందని, ఎక్కువ కట్టింది తర్వాతి డిమాండులో సర్దుతారని చెప్పారు. పాత మూడున్నరేళ్లది మాత్రం వెనక్కి రాదు.

మే 6న కొలతకు వచ్చారు. టేపుతో ఇంటి చుట్టూ కొలిచారు. గోడల మందం కూడా కలుస్తుందని నాకు తెలియదు, లోపలి గది కొలతలే లెక్కనుకున్నాను. పై గది ఎక్కి చూశారు, ఉరిసిన మరకలు ఫొటో తీసుకున్నారు. తర్వాత ముందుకు వచ్చి షట్టరు ఎత్తమన్నారు.

షట్టరు తుప్పు పట్టి ఇద్దరు పట్టినా లేవలేదు. వీధిలో పిల్లలు వచ్చి సాయం పట్టారు. లోపల నాయన మిషను, కటింగు బల్ల, గోడకు కొలతల పుస్తకం, మూలన కుట్టు కాని రెండు జాకెట్టు గుడ్డలు అట్లాగే ఉన్నాయి. అమ్మ రోజూ వెనక తలుపులోంచి పోయి దుమ్ము తుడుస్తుందని నాకు అప్పుడే తెలిసింది. మిషను మీద ఒక్క ధూళి లేదు.

కొలతకు వచ్చిన ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. బయటికి వచ్చి పైకి చూపించి నెమ్మదిగా అన్నాడు. "బోర్డు ఉంది కదమ్మా. బోర్డు ఉండి, షట్టరు ఉండి, లోపల మిషను ఉంటే నేను ఇల్లని ఎట్లా రాసేది? ఫొటోలో అదే పడుతుంది. షట్టరు ఉండనీండి, బోర్డు దించి, బల్ల తీసి, గదిని వాడుకోండి. నేను మళ్లీ వచ్చి ఫొటో తీసుకుంటాను."

పసుపు రంగు రేకు బోర్డు. నాయన పేరు, కింద 'టైలర్స్', ఒక మూలన కత్తెర బొమ్మ. నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు రాయించారు. రంగు వెలిసినప్పుడల్లా ఆయనే కూర్చుని అక్షరాల మీద దిద్దుకునేవారు.

అమ్మ ఆ రోజు ఏమీ మాట్లాడలేదు. రాత్రి అన్నం తినలేదు. నేను లెక్క చెప్పబోయాను, షాపు లెక్కన ఎంత పడుతోంది, ఇల్లయితే ఎంత తగ్గుతుంది అని. "డబ్బుల లెక్క నాకు చెప్పొద్దమ్మణ్ణీ" అంది. నేను నోరు మూసుకున్నాను. అర్జీ వెనక్కి తీసుకుందామా అని కూడా అనుకున్నాను. ఏడాదికి వెయ్యో పదిహేను వందలో ఎక్కువ కడితే ఏమవుతుంది, ఆ బోర్డు అక్కడ ఉంటే ఆమెకు నాయన ఉన్నట్టుంటుందని.

మూడు రోజుల తర్వాత, మే 9న పొద్దున్నే అమ్మే ఫోన్ చేసింది. ఎదురింటి అబ్బాయిని నిచ్చెన తెమ్మన్నాను, నువ్వు రా అంది. నేను పోయేసరికి బోర్డు దించేసి గోడకు ఆనించి ఉంది. అమ్మ తడిగుడ్డతో తుడుస్తోంది. గోడ మీద బోర్డు ఉన్నంత మేర సున్నం పాత రంగులోనే తెల్లగా మిగిలిపోయింది.

మే 12న మళ్లీ ఫొటో తీసుకున్నారు. ఆ తర్వాత ప్రత్యేక నోటీసు వచ్చింది. కొత్త వైశాల్యం, కొత్త వాడకం అందులో ఉంటాయి, అభ్యంతరముంటే 15 రోజుల్లో చెప్పుకోవాలి. అంకెలన్నీ నేను టేపు పెట్టి మళ్లీ కొలిచి చూసుకున్నాను, సరిపోయాయి. జూన్ 13న ఆమోదమైందని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. 17న కాగితం తీసుకున్నాను.

కాగితంలో ముందు అమ్మ పేరు, తర్వాత మా ఇద్దరివి. అమ్మ అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. "మీ నాయన పేరు యాడుంది?" అంది. అమ్మ పేరు పక్కన భర్త అని ఉన్న చోట చూపించాను. ఇరవై అయిదేళ్లు పన్ను కట్టిన మనిషి పేరు ఆ పుస్తకంలో మొదటిసారి ఎక్కింది, అదీ ఆయన పోయాక.

లోను ఇంకా రాలేదు, కాగితాలు ఇచ్చి వారమైంది. పై గది జరిమానా 358 అట్లాగే ఉంది. షాపు తీసేసిన పన్ను అక్టోబరు డిమాండులో ఎంత వస్తుందో చూడాలి. అప్పటిదాకా కట్టిన రసీదులు, నోటీసు, కుళాయి రసీదు అన్నీ ఏడాది వారీగా పేర్చి, నాయన కట్టిన కట్ట మీదే పెట్టి, ఆ పేలికతోనే కట్టాను. మిషను ఇప్పుడు నడవలో కిటికీ పక్కన ఉంది, అమ్మ వీధిలో వాళ్లకు జిప్పులు, ఫాల్సులు వేసి ఇస్తోంది. బోర్డు ఆమె మంచం తలవైపు గోడకు తగిలించాం.